పరవాణి సరస్సు, సుధ తెలుగు

పరవాణి సరస్సును మా ఇంట్లోకి తెచ్చింది నేను. ఈ సంగతి ముందే చెప్పుకోకపోతే తరవాత ఎవరూ నమ్మరు, అందుకని చెబుతున్నాను. మార్చిలో ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ ఫోన్‌లో ఏదో ట్రావెల్ వీడియో పెట్టుకున్నాను. కాకసస్ కొండల్లో, జార్జియా దేశానికి దక్షిణపు అంచున, చెట్టన్నదే కనపడని పచ్చటి పీఠభూమి. అక్కడొకటి ఇక్కడొకటి సరస్సులు. కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్ళు, కప్పుల మీద గడ్డి మొలిచిన ఇళ్ళు. ఆ సరస్సులన్నిటిలోకీ పెద్దదాని పేరు పరవాణి. వినగానే మా అమలాపురం పిల్ల ఎవరో అనిపించింది నాకు.

ఇక్కడ ఇంగ్లీషు ఎవరికీ రాదు, సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదు, అందుకే టూరిస్టులు రారు అని ఆ వీడియోలో కుర్రాడు విసుక్కుంటున్నాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నది అక్కడే.

ఎందుకో చెప్పాలి. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్ ఊళ్ళో ఆదివారం తెలుగు క్లాసు నడిపే విజయశ్రీ టీచర్‌ని నేనే. చుట్టుపక్కల మనవాళ్ళ పిల్లలంతా నా దగ్గర గుణింతాలు దిద్దినవాళ్ళే. శ్రేయాస్ గడగడా పద్యాలు చెబుతాడు. ఇషిత తెలుగులో కథ రాసి అందరి ముందూ చదివింది. నా కూతురు నిధి మాత్రం నాతో తెలుగు మాట్లాడదు. అర్థం అంతా అవుతుంది. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది. పుట్టింది మొదలు మా ఇంట్లో ఇదే వరస. పద్దెనిమిదేళ్ళు వచ్చేశాయి, ఆగస్టులో బ్లాక్స్‌బర్గ్‌కి కాలేజీకి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయేలోగా ఒక్కసారి, అది తనంతట తాను నాతో తెలుగులో నాలుగు కబుర్లు చెబితే వినాలని నా ఆశ. చాదస్తం అంటారు మా ఆయన చక్రపాణి. చాదస్తమే అనుకోండి, నాకేం.

మా వెకేషన్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అయిదారు కుటుంబాలు, వరసగా కార్లు, డిక్కీలో రైస్ కుక్కరు, ఎక్కడ ఆగినా పులిహోర. నయాగరా వెళ్ళినా, స్మోకీ కొండలకి వెళ్ళినా మేం చూసేది ఒకరి మొహం ఒకరం. పిల్లలంతా ఒక గదిలో చేరి ఇంగ్లీషులో వాళ్ళ లోకంలో వాళ్ళుంటారు. ఈసారి ఆ గుంపు వద్దనుకున్నాను. నేనూ నిధీ, ఇద్దరమే. ఇంగ్లీషు వినపడని చోటికి, ఫోన్ పని చెయ్యని చోటికి తీసుకుపోతే చచ్చినట్టు నాతో మాట్లాడకేం చేస్తుంది? ఇదీ నా ప్లాన్. ఎవరికీ చెప్పలేదు. నిధితో సరస్సు గురించి మాత్రమే చెప్పాను. "జస్ట్ మనిద్దరమేనా? రైస్ కుక్కర్ లేకుండా?" అని ఇంగ్లీషులో అడిగి, నన్ను గట్టిగా వాటేసుకుంది. మర్నాడే కొండలెక్కే బూట్లు కొనుక్కుంది. టికెట్లు, సరస్సు ఒడ్డున ఊళ్ళో ఒకావిడ ఇంట్లో గది, అన్నీ నేనే బుక్ చేశాను.

మే నెలలో ఒక రోజు భోజనాల దగ్గర మా ఆయన పెరుగు కలుపుకుంటూ, "పాస్‌పోర్ట్‌లో స్టాంప్ ఉందా విజయా?" అన్నారు.

నా వీసా పిటిషన్ ఎక్స్‌టెన్షన్ వచ్చి ఏడాది కూడా కాలేదు, ఇంకా బోలెడు టైముంది అన్నాను. అది కాదు, స్టాంప్ అన్నారు. లేచి చెయ్యి కడుక్కుని చూస్తే, వీసా స్టాంప్ ఎప్పుడో కోవిడ్ రోజుల్లోనే అయిపోయింది. దేశం దాటి ఎటూ వెళ్ళలేదు కాబట్టి ఎవరం చూసుకోలేదు. ఈ తిప్పలు మనవాళ్ళకే వస్తాయి. ఉండడానికి పర్మిషన్ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, ఇల్లుంటుంది, బయటికి వెళ్ళి తిరిగి రావడానికి మాత్రం ఉండదు. వెళితే ఇండియాలో కొత్త స్టాంప్ వేయించుకుని రావాలి, అక్కడ అపాయింట్‌మెంట్లు ఎప్పుడు దొరుకుతాయో దేవుడికే తెలియాలి. ఈలోగా ఉద్యోగం గోవిందా. ఆయనదీ ఇదే కథ. ఇంట్లో నిధి ఒక్కతే అమెరికా పాస్‌పోర్ట్‌తో ఎటు కావాలంటే అటు ఎగరగలదు.

నిధి బూట్లు డబ్బాలో పెట్టి మూతపెట్టింది. ఏడ్చినా బాగుండేది. మా ఆయనే నెమ్మదిగా అన్నారు, సుధకి గ్రీన్ కార్డు ఉంది కదా, అడిగి చూద్దామా అని.

సుధ నా స్నేహితురాలు. మా వీధి వెనక టౌన్‌హౌస్‌లో ఒక్కతే ఉంటుంది. జగిత్యాల మనిషి. నవ్విందంటే మా ఇంట్లోకి వినపడుతుంది. అమెరికాకి నాకంటే వెనక వచ్చింది, గ్రీన్ కార్డు మాత్రం నాకంటే ముందు వచ్చింది, మేనేజర్ల కేటగిరీలో. అప్పుడే ఒకసారి కుళ్ళుకున్నాను, ఆ సంగతి వేరు. సుధని అడిగితే వెంటనే సరే అనలేదు పాపం. నా కళ్ళలోకి చూసి, "ఇది నీ ట్రిప్పు విజయా. నువ్వు మనసుల నుంచి పో అంటేనే పోత, లేకుంటే లేదు," అంది. పక్కన నిధి ఊపిరి బిగబట్టి నిలుచుంది. వెళ్ళమన్నాను. మనసులోంచి కాదు, నోట్లోంచి అన్నాను.

జూన్‌లో మా ఊరి పక్కనే ఉన్న డల్లెస్ ఎయిర్‌పోర్టులో ఇద్దరినీ దింపాం. నేను బుక్ చేసిన సీట్లో సుధ కూర్చుంటుంది, నేను ఏరిన గదిలో సుధ పడుకుంటుంది, నేను కలగన్న సరస్సు పక్కన నా కూతురితో సుధ నడుస్తుంది. సెక్యూరిటీ లైన్లోంచి ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. కారెక్కాక మా ఆయన ఇడ్లీ తిందామా అన్నారు. ఆ మనిషికి ఆకలెలా వేసిందో నాకిప్పటికీ తెలియదు.

మొదటి రెండు మూడు రోజులు ఏ కబురూ లేదు. తరవాత సిగ్నల్ దొరికిన చోటల్లా ఫోటోలు వచ్చి పడేవి. బూడిదరంగు నీళ్ళు, వాటి మీద గాలి చారలు. నీళ్ళకి అటు ఇంకా మంచు కరగని కొండలు. నడుములోతు గడ్డిలో పసుపు పూలు. తలకి గుడ్డ కట్టుకున్న ఇంటావిడ, ఆవిడ పక్కనే అచ్చం అలాగే గుడ్డ కట్టుకుని ఆలుగడ్డలు చెక్కుతున్న సుధ. అన్నిటికంటే నన్ను నిలువునా కాల్చింది పిడకల ఫోటో. అక్కడ చెట్లు లేవు కదా, పొయ్యిలోకి పిడకలే. గోడ పక్కన గోపురంలా పేర్చిన పిడకలు, వాటి ముందు మోచేతుల దాకా పేడతో నిధి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. మా ఇంట్లో సింకులో చిక్కుకున్న మెతుకు తియ్యమంటే గ్లవ్స్ అడిగే పిల్ల అది.

ఆ తరవాత వీడియో వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను. కరెంటు స్తంభం, దాని మీద పెద్ద గూడు, గూట్లో కొంగ. వెనకనుంచి గొంతు వినిపించింది. "ఆంటీ, గటు సూడు, గూట్ల పిల్లలున్నయి. మూడున్నయి." సుధ ఎవరితోనో అంటోంది అనుకున్నాను. మరి సుధ సుధని ఆంటీ అని పిలవదు కదా. మళ్ళీ పెట్టాను. చెవికి ఆనించుకుని మళ్ళీ పెట్టాను. నిధి గొంతే. నా కూతురు తెలుగు మాట్లాడుతోంది. ఎవరూ అడక్కుండా, ఎవరూ బతిమాలకుండా, కొంగపిల్లల్ని చూసిన సంతోషంలో దానంతట అదే.

ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. అబ్బ, ఎంత ముద్దుగా అంటోందో అని మురిసిపోయారు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. అసూయ అంటారు దాన్ని. వేరే పేరు పెట్టి మర్యాద చెయ్యక్కర్లేదు. నా ప్లాన్ పారింది, అక్షరం పొల్లు పోకుండా పారింది, పంట మాత్రం పక్కింటావిడ కోసుకుంది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకి గంట ముందే వెళ్ళి నిలబడ్డాను. నిధి ముక్కు మీద ఎండకి తోలూడింది. ట్రాలీ వదిలేసి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. "అమ్మా, మంచిగున్నవా?" అంది.

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట. విన్నాను, కడుపు నిండింది, నిండుతూనే మండింది. "బాగున్నావా అనాలి నాన్నా," అన్నాను. ఆ మాటలో తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలుగు టీచర్‌ని, నాకు తెలియదా. అందులో నాకు సుధ వినపడింది, అంతే. నిధి నవ్వింది. "ఓకే మామ్," అని వెనక్కి వెళ్ళి ట్రాలీ తెచ్చుకుంది. కార్లో దారంతా సరస్సు గురించే చెప్పింది, ఇంగ్లీషులో.

ఆ జూలై మా ఇల్లు ఇల్లులా లేదు. సాయంత్రమయితే చాలు నిధి సుధ ఇంట్లో. ఆ ఇంటావిడ చేసినట్టు ఆలుగడ్డలు, జున్ను, పల్చటి రొట్టెలు ఇద్దరూ కలిసి చేసేవాళ్ళు. వాళ్ళ నవ్వులు మా పెరటి డెక్ మీదికి వినపడేవి. మా ఆయన కూడా కూర నోట్లో పెట్టుకుని మంచిగున్నది అనడం మొదలుపెట్టారు. ఒకరోజు గరిట చూపించాక మానేశారు.

నెలాఖరున మా తెలుగు క్లాసు పిల్లలకి పార్కులో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ పెట్టాను. ఎవరో పిల్లలు అడిగారు, నిధక్కా ఎక్కడికెళ్ళావు అని. అది గడ్డిలో చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. అక్కడి ఇంటావిడకి ఇంగ్లీషు రాదట. సుధ ఆవిడతో మొదటిరోజు ఇంగ్లీషులో, సైగలతో కుస్తీ పట్టి, చివరికి విసిగిపోయి, ఆమెకి ఇంగ్లీషైనా తెలుగైనా ఒక్కటే, ఇంక మన భాషల మనం మాట్లాడితే ఏమైతది అని తెలుగు అందుకుందట. ఆ సరిహద్దు ఊళ్ళల్లో ఆర్మీనియన్ మాట్లాడతారట. ఆవిడ ఆర్మీనియన్‌లో, సుధ తెలుగులో. ఉప్పు ఇయ్యమంటే ఉప్పు వచ్చిందట, ఆవు తప్పించుకుంటే పట్టుకోమంటే పట్టుకుందట. నిధి కూడా మెల్లగా మొదలుపెట్టిందట. వడగళ్ళు పడిన రోజు పిడకల పొయ్యి చుట్టూ ముగ్గురూ కూచుని పొద్దుగూకేదాకా ముచ్చట్లేనట. అదంతా నా క్లాసు పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను చెప్పినప్పుడు కిటికీలోంచి చూసే పిల్లలు.

శ్రేయాస్ వాళ్ళ నాన్న రాకేష్, వరంగల్ అతను, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. అచ్చం తన చెల్లెలు మాట్లాడినట్టే ఉందట. ఆ ఊపులో నా దగ్గరికొచ్చి, అక్కా, సెప్టెంబర్ నుంచి సుధగారు కూడా ఒక క్లాసు తీసుకుంటే ఎట్లుంటది అని అడిగాడు. చూద్దాం అన్నాను. చేతిలో ఉన్న పులిహోర గిన్నె అతని నెత్తిన బోర్లించలేదు, అది నా సంస్కారం.

ఇంటికి వస్తూ కార్లో ఉండబట్టలేక అడిగేశాను. సుధతో అంత మాట్లాడతావు కదా, నాతో ఎందుకు మాట్లాడవు అని. నిధి తెలుగులోనే అంది, "ఆంటీ ఫిక్స్ చెయ్యదు అమ్మా. నేను ఏదన్న అంటే దానికి జవాబు చెప్తది. నువ్వు మార్కులేస్తవు."

తెలివైన తల్లయితే అక్కడ ఊరుకునేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కూర్చోబెట్టి అక్షరం అక్షరం నేను దిద్దిస్తే, పట్టుమని పది రోజులు తిప్పినావిడ గొప్పదయిపోయిందా అన్నాను. దిద్దించకపోతే నీకీపాటి అర్థమయ్యేదా అన్నాను. ఇంకా ఏవో అన్నాను. నిధి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ రోజునించి తెలుగు సంగతి అటుంచి, ఇంగ్లీషులో కూడా మా మధ్య తిన్నావా, కీస్ ఎక్కడ, అంతవరకే.

నోరు కట్టేసుకోవాలని చూశాను. ఒకటి రెండుసార్లు, వాళ్ళ నాన్నతో అది "నాకు తెల్వది" అంటే పళ్ళు బిగబట్టి గిన్నెలు కడుక్కున్నాను. అది నా వైపు చూసేది, నేను ఏమన్నా అంటానేమోనని. అనకపోయినా చూసేది. మార్కులేసే టీచర్ పక్క గదిలో ఉన్నా పిల్లలకి తెలుస్తుంది కదా. ఆగస్టు వచ్చేసింది. ఇక దక్కదులే అనుకున్నాను.

బ్లాక్స్‌బర్గ్ బయల్దేరే ముందు వారం సుధ వచ్చి, తనూ దింపడానికి వస్తానంది. కార్లో చోటు లేదన్నాను. చోటుంది. మినీ ఫ్రిజ్‌ని అటు జరిపితే సుధ ఏం ఖర్మ, సుధ సూట్‌కేసు కూడా పడుతుంది. ఉన్నా లేదన్నాను. కాలేజీ డార్మ్ గదిలో దాని మొదటి పక్క నేను వెయ్యాలి, దుప్పటి కొస ఇంకొకరు పట్టుకోకూడదు. సుధకి తెలియకపోలేదు. "సరే విజయా, ఇక్కడ్నే బై చెప్పుకుంట," అంది. బయల్దేరే రోజు పొద్దున డబ్బా నిండా సకినాలు తెచ్చి నిధి చేతిలో పెట్టింది. డ్రైవ్‌వేలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏదో చెప్పుకున్నారు. నేను కార్లో కూర్చున్నాను, నాకు వినపడలేదు. మా ఆయన ఇంజిన్ ఆన్ చేస్తూ నావైపు చూశారు.

డార్మ్ దగ్గర ఎండ, జనం, అట్టపెట్టెలు. సామాను దించుకోగానే కారు తీసెయ్యాలన్నారు, ఆయన పార్కింగ్ వెతుక్కుంటూ పోయారు. పైన గదిలో రూమ్మేట్ అమ్మాయి, వాళ్ళమ్మా నాన్నా, ఇద్దరు అన్నలూ అప్పటికే గోడంతా లైట్లు కట్టేశారు. గదిలో పండగలా ఉంది. నిధి వాళ్ళందరితో నవ్వుతూ మాట్లాడింది. ఏ కోర్సులు, ఏ ఊరు, ఆ లైట్లు ఎంత బాగున్నాయో, అన్నీ చకచకా. నేను దాని మంచం మీద దుప్పటి వేశాను, దిండు తొడిగాను, బట్టలు సర్దాను, సకినాల డబ్బా కూడా షెల్ఫులో పెట్టాను. చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. ఫోన్ మోగింది, ఆయనే. పార్కింగ్ దొరకలేదట, కింద రోడ్డు మీద కారాపితే వెనక నుంచి హారన్లట, దిగి రమ్మన్నారు.

వెళ్ళొస్తానే అన్నాను. నిధి రూమ్మేట్ వాళ్ళమ్మకి ఏదో జవాబు చెబుతూనే నా దగ్గరికి వచ్చింది. మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది. నా పక్కన కిటికీ వైపు తిరిగి నిలబడి, వాళ్ళెవరికీ అర్థం కాకుండా నెమ్మదిగా అంది.

"అమ్మా, అప్పుడే పోకు. జరసేపుండు. నాకు భయమైతున్నది."

అందులో నేను నేర్పిన మాట ఒక్కటీ లేదు. అన్నీ సుధవే, సుధ యాసే, ఆ దీర్ఘాలు కూడా సుధవే. పొద్దున డ్రైవ్‌వేలో సుధకి ఈ మాట చెప్పిందేమో నాకు తెలియదు. చెప్పినా సుధని ఉండమని అడగలేదు, నన్నడిగింది. ఫోన్ మళ్ళీ మోగింది. కట్ చేశాను. మళ్ళీ మోగితే మళ్ళీ కట్ చేశాను.

ధైర్యంగా ఉండాలి నాన్నా, నువ్వు తెలివైనదానివి, అలవాటైపోతుంది, ఇలాంటివన్నీ నోటిదాకా వచ్చాయి. అవన్నీ నా పాఠాల్లో చివరి పేజీ వాక్యాల్లా వినపడ్డాయి నాకే. మింగేశాను. ఈ చోట సుధ ఉంటే ఏమనేదో అది తెలుసు నాకు. వేసవంతా విన్నాను కదా, కడుపు మండించుకుని మరీ విన్నాను.

"ఏడికి పోత బిడ్డా, ఈడనే ఉంట," అంటూ మంచం మీద కూర్చున్నాను.

ఆ యాస నా నోట్లో ఎంత వంకరగా పలికిందో నాకే వినపడింది. నిధి సరిదిద్దలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.